గాజు బుడ్డిలో నక్షత్రం కోసం... ఫైలో ఫార్న్స్‌వర్త్ జీవితం

టెలివిజన్ కనిపెట్టింది ఎవరు అని క్విజ్‌లో అడిగితే మనలో చాలామందిమి జాన్ లోగీ బెయిర్డ్ అని రాసేస్తాం. మార్కు కూడా పడుతుంది. ఆ జవాబు తప్పని మేమూ అనడం లేదు. కాకపోతే 1926లో లండన్‌లో బెయిర్డ్ చూపించినది రంధ్రాల చక్రం గిరగిరా తిరుగుతుంటే పనిచేసే టీవీ. కొన్నేళ్లకే ఆ పద్ధతి మూలపడింది. తిరిగే చక్రం, కదిలే భాగం ఒక్కటీ లేకుండా, కేవలం ఎలక్ట్రాన్ల సాయంతో బొమ్మను ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి పంపి చూపినవాడు అమెరికాలో ఒక రైతు బిడ్డ. పేరు ఫైలో టేలర్ ఫార్న్స్‌వర్త్. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు.

ఈ సంచికలో ఆయన గురించి రాయాలని మేము అనుకున్నది టీవీ కోసమే అయితే ఒక పేజీ చాలు. టీవీ తర్వాత ఆయన ఇంకో పని తలకెత్తుకున్నారు. సూర్యుడిలో జరిగే పనిని ఒక చిన్న గోళంలో జరిపించి కరెంటు తీయాలన్నది ఆ పని. దాని కోసం ఉన్నదంతా పెట్టారు. గెలవలేదు. పుస్తకాల్లో ఆ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటవేస్తారు. మాకు మాత్రం అదే ఎక్కువ చెప్పుకోదగినదిగా అనిపించింది.

1906 ఆగస్టు 19న ఉటా రాష్ట్రంలో బీవర్ అనే ఊరి దగ్గర, దుంగలతో కట్టిన ఇంట్లో ఫైలో పుట్టాడు. తండ్రి లూయిస్, తల్లి సెరీనా. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో కరెంటు లేదు. అతనికి పన్నెండేళ్లు వచ్చేసరికి కుటుంబం ఐడహో రాష్ట్రంలోని రిగ్బీ దగ్గర పొలానికి మారింది. ఆ కొత్త ఇంట్లో కరెంటు పుట్టించే జనరేటర్ ఉంది. అటక మీద ఎవరో వదిలేసిన సైన్సు పత్రికలు ఉన్నాయి. ఒక పల్లెటూరి కుర్రాడికి ఈ రెండూ దొరకడం నిధి దొరికినట్టే. జనరేటర్ మొరాయిస్తే తనే బాగుచేశాడు. అమ్మ చేత్తో తిప్పే బట్టలుతికే యంత్రానికి మోటారు బిగించాడు. దొంగలు తీయలేని కారు తాళం ఒకటి ఆలోచించి పంపితే ఒక పత్రిక 25 డాలర్ల బహుమతి ఇచ్చింది.

పద్నాలుగేళ్ల వయసులో, బంగాళాదుంపల పొలంలో గుర్రాలతో సేద్యం చేస్తూ వెనక్కి తిరిగి చూశాడట. చాలు పక్కన చాలు, చాలు పక్కన చాలు. ఒక పెద్ద మడి మొత్తం గీతలు గీతలుగా పూర్తవుతోంది. బొమ్మను కూడా ఇలాగే ఒక్కొక్క గీతగా కోసి, ఎలక్ట్రాన్లతో పంపి, అవతల మళ్లీ గీత పక్కన గీత పేర్చవచ్చు కదా అని తోచింది. నాగలి వెనక నడిచిన పిల్లలు మనలోనూ ఉన్నారు. సాలు తప్పకుండా దున్నడం ఎంత కష్టమో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

1922లో రిగ్బీ హైస్కూల్లో కెమిస్ట్రీ మాస్టారు జస్టిన్ టోల్మన్‌కు ఈ సంగతి చెప్పాడు. బ్లాక్‌బోర్డు నిండా బొమ్మలు గీశాడు. టోల్మన్ మాస్టారు నవ్వి పంపేయలేదు. కుర్రాడు కాగితం మీద గీసి ఇచ్చిన బొమ్మను దాచుకున్నారు. ఈ కాగితం సంగతి మళ్లీ వస్తుంది.

1924 జనవరిలో తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు. ఇంటి బరువు పెద్దకొడుకు మీద పడింది. కాలేజీ చదువు అంతంతమాత్రంగా సాగి ఆగిపోయింది. రేడియోలు బాగుచేస్తూ, దొరికిన పనల్లా చేస్తూ సాల్ట్‌లేక్ సిటీ చేరాడు. అక్కడ చందాలు వసూలు చేసే పనిమీద వచ్చిన జార్జ్ ఎవర్సన్, లెస్లీ గోరెల్ అనే ఇద్దరు ఇతని మాటలు విని 6,000 డాలర్లు సమకూర్చారు. 1926 మే 27న ఎల్మా గార్డ్‌నర్‌ను పెళ్లాడాడు. అందరూ ఆమెను పెమ్ అనేవారు. పెమ్ లేకపోతే ఫార్న్స్‌వర్త్ కథ లేదు. ప్రయోగశాలలో పటాలు గీసింది, లోహపు ముక్కలు అతికింది, లెక్కలు రాసింది. ఆమె అన్న క్లిఫ్ గాజు ఊది గొట్టాలు తయారుచేయడం సొంతంగా నేర్చుకున్నాడు.

1927 సెప్టెంబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రీన్ స్ట్రీట్ 202 నంబరు భవనంలో ఆ గొట్టం మొదటి బొమ్మ పంపింది. బొమ్మ అంటే ఒక్క గీత. గాజు పలకను తిప్పితే అవతలి గదిలో గీత కూడా తిరిగింది. పెట్టుబడి పెట్టినవాళ్లు డాలర్లు ఎప్పుడు కనబడతాయని పదేపదే అడుగుతుంటే తర్వాత ఒక రోజు డాలరు గుర్తునే తెర మీద చూపించాడట.

ఆ తర్వాతి కథ కొంతవరకు మనకు అలవాటైన కథే. 1930లో ఆర్‌సీఏ అనే మహా కంపెనీ శాస్త్రవేత్త జ్వోరికిన్ ప్రయోగశాల చూసి వెళ్లాడు. మరుసటి ఏడాది కంపెనీ పెద్ద డేవిడ్ సార్నాఫ్ తరఫున లక్ష డాలర్లకు మొత్తం కొనేస్తామని బేరం వచ్చింది. ఫార్న్స్‌వర్త్ ఒప్పుకోలేదు. పేటెంటు ఎవరిదన్న తగాదా నడిచింది. అప్పుడు టోల్మన్ మాస్టారు సాక్ష్యం చెప్పారు, పాత కాగితం బయటికి తీశారు. కేసు ఆ ఒక్క కాగితంతోనే గెలిచిందనడం కథలకు బాగుంటుంది గాని, జ్వోరికిన్ తన 1923 నాటి పరికరం పనిచేసిందని రుజువు చేయలేకపోవడమే పెద్ద కారణం. ఏమైతేనేం, తీర్పు ఫార్న్స్‌వర్త్ వైపు వచ్చింది. 1939లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లు, పైగా రాయల్టీ ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతవరకు ఆ కంపెనీ ఇతరుల దగ్గర తీసుకోవడమే గాని ఇతరులకు ఇచ్చింది లేదు.

కాని కాలం కలిసిరాలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి టీవీల తయారీ ఆగిపోయింది. 1930 ఆగస్టులో వచ్చిన పేటెంటు పదిహేడేళ్లకు, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన నెలలోనే, 1947 ఆగస్టులో గడువు తీరిపోయింది. టీవీలు లక్షల్లో అమ్ముడుపోయింది ఆ తర్వాతే. మధ్యలో 1932లో ఏడాది దాటిన కొడుకు కెన్నీ గొంతు జబ్బుతో చనిపోయాడు. నాలుగైదేళ్ల కోర్టు వ్యవహారాలు మనిషిని కుంగదీశాయి. తాగుడు అలవాటైంది. 1947లో మెయిన్ రాష్ట్రంలోని ఇల్లు అడవి మంటల్లో కాలిపోయింది. ఫోర్ట్‌వేన్‌లోని ఆయన కంపెనీని 1949లో ఐటీటీ అనే పెద్ద సంస్థ కొనేసింది. 1957లో ఒక టీవీ ఆటలో ఆయనను కూర్చోబెట్టి ఈయన రహస్యం ఏమిటో చెప్పమంటే ఆ ఆట ఆడేవాళ్లు చెప్పలేకపోయారు. రహస్యం ఏమిటంటే పద్నాలుగేళ్లకే ఎలక్ట్రానిక్ టీవీని ఊహించడం. గెలిచినందుకు ఆయనకు 80 డాలర్లు, ఒక పెట్టె సిగరెట్లు ఇచ్చారు.

ఇక్కడి నుంచి రెండో జీవితం మొదలవుతుంది.

ముందుగా సంలీనం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పెద్ద పరమాణు కేంద్రకాన్ని పగలగొట్టి శక్తి తీయడం విచ్ఛిత్తి. మన అణు విద్యుత్ కేంద్రాల్లో జరిగేది అదే. చిన్న కేంద్రకాలను కలిపి శక్తి తీయడం సంలీనం. సూర్యుడిలో జరిగేది ఇది. దీనికి బాగా పనికొచ్చే సరుకు డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. మామూలు నీటిలో ఆరువేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున అది ఉంటుంది. మన మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం గోదావరి నీళ్లలో నుంచి వేరుచేసేది దీన్నే. అక్కడ అది అణు రియాక్టర్లలో వాడే భారజలంగా తయారవుతుంది.

సరుకుకు కరువు లేదు. చిక్కు వేరే ఉంది. కేంద్రకాలన్నీ ధనావేశం కలవి. ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడును మించిన వేగంతో ఢీకొంటేనే కలుస్తాయి. అంత వేగం రావాలంటే వాయువును పది కోట్ల డిగ్రీల దాకా వేడి చేయాలి. అంత వేడిని ఏ పాత్రలో పోస్తాం? పాత్ర గోడను తాకితే వాయువు చల్లబడిపోతుంది. అందుకే అమెరికాలో, రష్యాలో శాస్త్రవేత్తలు 1950 ప్రాంతం నుంచి అయస్కాంతాల పంజరంలో ఆ వాయువును వేలాడదీసే పనిలో పడ్డారు. 1955లో జెనీవా అణుశక్తి మహాసభకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చే దారి దొరుకుతుందని ఆశపడ్డారు. అప్పట్లో అందరికీ అంత ధీమా ఉండేది.

ఫార్న్స్‌వర్త్ దారి వేరు. అది ఒక టీవీ మనిషికి మాత్రమే తట్టే దారి అని మాకు అనిపిస్తుంది. పాత కలర్ టీవీల పిక్చర్ ట్యూబులో సుమారు 25,000 వోల్టులు ఉంటాయి. ఆ ఒత్తిడితో పరుగెత్తే ఎలక్ట్రాన్ శక్తిని ఉష్ణోగ్రతగా లెక్కగడితే కోట్ల డిగ్రీలు వస్తుంది. పదివేల వోల్టులకే పదకొండు కోట్ల డిగ్రీలు పైమాట. అంటే ఆ వేగం మన టీవీ గదిలో ప్రతి రాత్రీ ఉన్నదే! అలాంటప్పుడు వాయువు మొత్తాన్ని పొయ్యి మీద పెట్టినట్టు కాచడం ఎందుకు? కేంద్రకాలనే విద్యుత్తుతో తోసి ఒక బిందువు దగ్గర ఢీకొట్టిస్తే సరిపోదా? 1930ల్లో మల్టిపాక్టర్ అనే గొట్టంతో పనిచేస్తున్నప్పుడు దాని నడుమ, గోడలకు తగలకుండా, చుక్కలాంటి వెలుగు నిలవడం ఆయన చూశారు. ఇరవై ఏళ్లు ఆ చుక్క ఆయన మనసులో ఆరలేదు.

1950ల చివర ఫోర్ట్‌వేన్‌లో ఐటీటీ ప్రయోగశాల నేలమాళిగలో పని మొదలైంది. ఆ పరికరానికి ఫ్యూజర్ అని పేరు. చూడటానికి ఎంతో సులువు. గాలి తీసేసిన ఒక లోహపు గోళం. దాని నడుమ తీగలతో అల్లిన చిన్న గోళం, తీగల బుట్టలాగా. లోపలి బుట్టకు వేల వోల్టుల రుణావేశం ఇస్తారు. గోళంలోకి కాస్త డ్యుటీరియం వదులుతారు. ధనావేశమున్న డ్యుటీరియం అయాన్లు నలువైపుల నుంచి బుట్టవైపు పడతాయి, తీగల సందుల్లో దూరి మధ్యలో కలుసుకుంటాయి. కొన్ని ఢీకొని సంలీనమవుతాయి. ఢీకొననివి అవతలి వైపు వెళ్లి, మళ్లీ వెనక్కి పడి, ఇంకో అవకాశం కోసం వస్తాయి. మధ్యలో నక్షత్రంలా వెలుగు, తీగల సందుల్లోంచి కిరణాలు. భవనమంత అయస్కాంతాలు అక్కర్లేదు. బల్ల మీద పట్టేస్తుంది.

ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళదాం. ఇదే రకం ఆలోచన 1950లో రష్యా తూర్పు కొసన సఖాలిన్ దీవిలో ఒక సైనికుడికి కూడా వచ్చింది. పేరు ఒలెగ్ లావ్రెంతియెవ్. డిగ్రీ సంగతి అటుంచి, అప్పటికి అతని హైస్కూలు చదువే ఆలస్యంగా పూర్తవుతోంది. విద్యుత్ క్షేత్రంతో ప్లాస్మాను పట్టవచ్చని మాస్కోకు రాసి పంపితే ఆ కాగితాలు సఖరోవ్ దగ్గరికి వెళ్లాయి. వాటిని చదివాకనే సఖరోవ్ దృష్టి అయస్కాంతాల వైపు మళ్లింది. టోకమాక్ పుట్టుకకు దారితీసిన ఆలోచనల్లో అదొకటి. ఫార్న్స్‌వర్త్‌కు అతను తెలియదు, అతనికి ఫార్న్స్‌వర్త్ తెలియదు.

1962 జనవరిలో ఫార్న్స్‌వర్త్ పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1966 జూన్‌లో వచ్చింది. 1964 నుంచి రాబర్ట్ హిర్ష్ అనే యువ శాస్త్రవేత్త జట్టులో చేరి పరికరాన్ని మెరుగుపరచాడు. 1967లో హిర్ష్ అచ్చువేసిన ఫలితాల ప్రకారం డ్యుటీరియం, ట్రిటియం కలిపి వాడినప్పుడు సెకనుకు వందల కోట్ల న్యూట్రాన్లు వచ్చాయి. ఒక్కో న్యూట్రాన్ ఒక్కో సంలీనానికి సాక్షి. అంటే బల్ల మీది పరికరంలో సంలీనం నిజంగానే జరిగింది. ఇందులో అనుమానం లేదు.

అయితే ఎందుకు గెలవలేదు? ఇక్కడ లెక్క వేసి చూద్దాం. మనలో సైన్సు గ్రూపు వాళ్లు కాగితం తీసుకోండి. ఒక్క డ్యుటీరియం-ట్రిటియం సంలీనం నుంచి వచ్చే శక్తి 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. జౌళ్లలోకి మారిస్తే లక్ష కోట్ల వంతులో సుమారు మూడు వంతులు. పోనీ ఉదారంగా సెకనుకు వెయ్యి కోట్ల సంలీనాలు జరిగాయనుకుందాం. మొత్తం శక్తి ఒక వాటులో నూరింట మూడో వంతు! పడక గదిలో జీరో బల్బు కూడా వెలగదు. లోపలికి పంపాల్సిన కరెంటేమో వేల వాటుల్లో.

కారణం తీగల బుట్టలోనే ఉంది. అయాన్లు మధ్యకు వెళుతూ తీగలకు తగులుకుంటాయి, తమ శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయి. దానికన్నా పెద్ద చిక్కు, రెండు కేంద్రకాలు ఎదురైనప్పుడు కలిసేవి బహు తక్కువ, పక్కకు చెదిరిపోయేవే లెక్కలేనన్ని. చెదిరినది దారి తప్పుతుంది. టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ ఒక్కసారి తెరను తాకితే దాని పని అయిపోయినట్టే. ఇక్కడ అదే అయాన్ వేలసార్లు దారి తప్పకుండా తిరగాలి. టీవీలో ఆయనను గెలిపించిన ఆలోచన ఇక్కడ చాలలేదు. ఆయనను కంపెనీలు మోసం చేశాయని, ఫ్యూజర్‌ను తొక్కేశారని రాసేవాళ్లున్నారు. మేము ఆ మాట అనలేం. ఐటీటీ అయిదారేళ్లకు పైగానే డబ్బు పెట్టింది. ప్రభుత్వ అణుశక్తి కమిషన్ మాత్రం చేయూతనివ్వలేదు, అది నిజం. కాని అడ్డం పడినది ఎక్కువగా ప్రకృతి.

ఆయన మాత్రం అలా అనుకోలేదు. ఆరోగ్యం చెడి 1967లో ఉటాకు తిరిగి వచ్చేశారు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చోటు సంపాదించి ఫ్యూజర్ పని కొనసాగించారు. 1968 డిసెంబర్‌లో సొంత పేరు మీద చిన్న సంస్థ పెట్టారు. పాత సహోద్యోగులు కొందరు ఆయనను నమ్మి ఫోర్ట్‌వేన్ వదిలి వచ్చారు. డబ్బు ఇస్తామన్నవాళ్లు ఇవ్వలేదు. జీతాలివ్వాలి, పరికరాలకు కట్టాలి. భార్యాభర్తలు తమ ఐటీటీ షేర్లన్నీ అమ్మేశారు. ఆయన జీవిత బీమా పాలసీని కూడా డబ్బు చేసుకున్నారు. బీమా పాలసీ అంటే మనిషి పోయాక ఇంటివాళ్లకు మిగిలే ఆసరా. దాన్ని బతికుండగా ప్రయోగశాలలో పెట్టడం సరైనదేనా అని మా సంపాదకవర్గంలో పెద్ద వాదనే జరిగింది. తీర్పు కుదరలేదు. పెమ్ ఒప్పుకునే సంతకం చేసిందన్నది కొందరి మాట. ఆమె ఒప్పుకోక ఏం చేస్తుందన్నది మరికొందరి మాట, అందులో చెల్లెళ్లు ఎక్కువ.

ఆ కష్టాల మధ్యే 1969 జులైలో చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టడం భార్యాభర్తలిద్దరూ ఇంట్లో టీవీలో చూశారు. ఇన్నాళ్ల శ్రమకు ఇదొక్కటి చాలని ఆ రాత్రి ఆయన అన్నట్టు పెమ్ తర్వాత చెప్పుకున్నది. అంతకుముందు టీవీలో వచ్చే కాలక్షేపం చూసి ఇంట్లో ఆ పెట్టె వద్దనుకున్న మనిషి.

1970 చివరికి బ్యాంకులు అప్పులు కట్టమన్నాయి. సామాను జప్తుకు వచ్చింది. పన్ను బాకీ కింద ప్రయోగశాల తలుపుకు తాళం పడింది. 1971 జనవరిలో సంస్థ మూతపడింది. అదే ఏడాది మార్చి 11న, 64 ఏళ్ల వయసులో, న్యుమోనియాతో ఆయన కన్నుమూశారు. తండ్రిని తీసుకుపోయిన జబ్బే. పెమ్ మరో 35 ఏళ్లు బతికి, భర్త పేరు నిలబెట్టడానికి ఊరూరా తిరిగి, 2006లో 98వ ఏట పోయింది.

1983లో అమెరికా తపాలా బిళ్ల వేసింది. ఉటాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు పట్టుబట్టి ఉద్యమం చేయగా 1990లో వాషింగ్టన్‌లోని కేపిటల్ భవనంలో ఆయన విగ్రహం పెట్టారు. చేతిలో టీవీ కెమెరా గొట్టం పట్టుకుని ఉంటుంది, ఫ్యూజర్ కాదు. 2024లో దాని స్థానంలో మార్తా హ్యూస్ కానన్ అనే వైద్యురాలి విగ్రహం వచ్చింది. ఆమె అమెరికాలో ఒక రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన మొదటి మహిళ కాబట్టి మేము ఫిర్యాదు చేయబోవడం లేదు.

ఫ్యూజర్ మాత్రం చావలేదు. రాబర్ట్ హిర్ష్ 1972లో ప్రభుత్వ సంలీన పరిశోధన విభాగానికి అధిపతి అయ్యి, విచిత్రంగా, టోకమాక్‌లకే డబ్బు పోయించాడు. సంలీనంలో లోపలికి పంపిన లేజర్ శక్తి కన్నా ఎక్కువ రాబట్టడం 2022 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలో మొదటిసారి జరిగింది: 2.05 మెగాజౌళ్లు పంపితే 3.15 వచ్చాయి. లేజర్లను నడపడానికి గోడలోంచి తీసుకున్న కరెంటు లెక్కలో వేస్తే అదీ ఇంకా నష్టమే. అంటే ఫార్న్స్‌వర్త్ ఒక్కడే ఓడలేదు. కరెంటు కోసం కాకపోయినా న్యూట్రాన్ల కోసం ఫ్యూజర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. మన దేశంలో అస్సాంలోని సోనాపూర్‌లో ప్లాస్మా పరిశోధన కేంద్రంలో ఆ తరహా పరికరం మీద పనిచేశారు. 2008లో టేలర్ విల్సన్ అనే అమెరికా కుర్రాడు ఫ్యూజర్ చేసి సంలీనం జరిపించాడు. అతనికి అప్పుడు పద్నాలుగేళ్లు.

ఇది చదివి హాస్టల్ స్టోర్ రూములోని పాత కలర్ టీవీ విప్పుదామని ఎవరైనా అనుకుంటే ఒక హెచ్చరిక. స్విచ్ తీసేసి ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల ఆవేశం చాలాసేపు నిలిచి ఉంటుంది. ఫ్యూజర్ అయితే ఎక్స్‌రేలు కూడా వెదజల్లుతుంది. విల్సన్ తన పరికరాన్ని యూనివర్సిటీ ప్రయోగశాలలో పెద్దల పర్యవేక్షణలో నడిపాడు. మీరు ముందు ఆ లెక్క కాగితం మీద వేసి ఫిజిక్స్ సార్‌కు చూపించండి.